మొహమాటస్తులకు మిలోంగా

టాంగో అంటే ఇద్దరు జంటగా, బాగా దగ్గరగా నిలబడి చేసే డాన్స్. నా టాంగో షూస్ ఫోటో పెట్టిన దగ్గర్నుంచీ ఒకటే ప్రశ్న. స్నేహితులు మర్యాదగా తిప్పి తిప్పి అడుగుతున్నారు. తెనాలిలో ఉన్న మా పిన్ని మాత్రం వీడియో కాల్‌లో కుండబద్దలు కొట్టేసింది.

"ముక్కూ మొహం తెలియని మగాడు వచ్చి పట్టుకుంటే నువ్వెట్లా ఊరుకుంటావే?"

"వచ్చి పట్టుకోడు పిన్నీ. నేను సరేనంటే తప్ప నా టేబుల్ దగ్గరికే రాడు."

"నువ్వు సరేనాలంటే ముందు వాడు అడగాలిగా? దగ్గరికి రాకుండా ఎట్లా అడుగుతాడు?"

పిన్ని లాయరు కావలసిన మనిషి. సరిగ్గా అసలు విషయం మీదే వేలు పెట్టింది. దీనికి ఫోన్లో జవాబు చెప్తే సాగదు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను.

ముందు టాంగో అనగానే అందరూ ఊహించుకునే ఆ నోట్లో గులాబీ పువ్వు సంగతి తేల్చేస్తాను. అర్జెంటీనా రాజధాని బ్యూనస్ ఎయిర్స్‌లో ఉద్యోగం చేసుకుంటూ ఇన్నాళ్ళుగా టాంగోకి వెళ్తున్నా, పువ్వు కొరుక్కుంటూ డాన్స్ చేసే మనిషి నాకింతవరకూ తగల్లేదు. కాళ్ళు గాల్లోకి విసరడాలు, నడుం విరిగేలా వెనక్కి వాలిపోవడాలు, అదంతా టూరిస్టులకి డిన్నర్‌తో కలిపి అమ్మే షోల సరుకు. నేను వెళ్ళేది మిలోంగాలకి. అంటే ఊళ్ళోవాళ్ళు ఎవరికీ చూపించడానికి కాకుండా తమ కోసం తాము డాన్స్ చేసుకునే చోట్లు. రిటైరైన బ్యాంకు గుమస్తా ఉంటాడు, పళ్ళ డాక్టరమ్మ ఉంటుంది, కాలేజీ కుర్రాళ్ళుంటారు. రాత్రి పదకొండుకి గానీ సందడి మొదలవదు, తెల్లవారుజామున మూడు దాటినా ఎవరూ లేవరు. పొద్దున ఆఫీసు ఉన్నవాళ్ళకీ, పెద్దవాళ్ళకీ మధ్యాహ్నం మిలోంగాలు వేరే ఉంటాయి. నేను ఎక్కువగా వాటికే వెళ్తాను.

పిన్ని భయంలో అర్థం లేకపోలేదు. ఇక్కడి సంప్రదాయ టాంగోలో ఇద్దరూ ఛాతీకి ఛాతీ ఆనించి, చెంపా చెంపా తగిలేంత దగ్గరగా నిలబడతారు. ఆవిడ ఎడమ చెయ్యి అతని భుజాల చుట్టూ ఉంటుంది. చాలామంది ఆడవాళ్ళు కళ్ళు మూసుకునే డాన్స్ చేస్తారు. అలా పది పన్నెండు నిమిషాలు, ఒక్కోసారి పేరు కూడా తెలియని మనిషితో. ఇంత దగ్గరితనం సాగాలంటే మిగతా విషయాల్లో హద్దులు గట్టిగా ఉండాలి కదా. ఆ హద్దుల్నే ఇక్కడ కోడిగోస్ అంటారు. చాలాచోట్ల బోర్డు మీద రాసి ఉండవు, కానీ తప్పితే హాలంతటికీ తెలిసిపోతుంది.

అందులో పెద్దది అడగడం. స్పానిష్‌లో కబెసెయో అంటారు, తల ఊపి పిలవడం. రియోబాంబా వీధిలో ఎల్ బెసో అని చిన్న హాలుంది, మెట్లెక్కి పైకి వెళ్ళాలి. పద్ధతులు గట్టిగా పాటించే ఇలాంటి మిలోంగాల్లో ఆడవాళ్ళు ఒకవైపు, మగవాళ్ళు ఎదురువైపు కూర్చుంటారు. ఎవరు ఎక్కడ కూర్చోవాలో నిర్వాహకులే నిర్ణయించి కుర్చీ దాకా తీసుకెళ్తారు. హాలు మసక చీకట్లో ఉంటుందనుకుంటారు గానీ బాగానే వెలుతురు ఉంటుంది. లేకపోతే అవతలి వాళ్ళ కళ్ళు కనపడవు, కళ్ళు కనపడకపోతే ఇక్కడ పని జరగదు.

పాట మొదలవుతుంది. ఎవరూ లేవరు. అటు వరసలో మగవాళ్ళు ఇటు చూస్తుంటారు, ఇటు వరసలో మేము అటు చూస్తుంటాం. బూడిద రంగు సూటులో ఒక పెద్దాయన చూపు మా వరస మీదుగా నెమ్మదిగా జరుగుతూ వచ్చి నా దగ్గర ఆగింది. నాకు ఆయనతో చేయాలని ఉంది, నేనూ చూపు తిప్పలేదు. ఒకటి, రెండు, మూడు సెకన్లు. ఆయన గడ్డం ఒక అంగుళం డాన్స్ ఫ్లోర్ వైపు జరిగింది. నేను కొంచెం తల ఊపాను. అంతే, ఒప్పందం కుదిరిపోయింది. కానీ నేను ఇంకా లేవను. ఆయన ఫ్లోర్ అంచు వెంబడి నడిచి, చూపు తెగనివ్వకుండా వచ్చి నా ఎదురుగా నిలబడ్డాక అప్పుడు లేస్తాను. ఎందుకంటే నా వెనక కూర్చున్నావిడ కూడా ఆ సైగ తనకే అనుకుని ఉండొచ్చు. ఒకసారి నా కళ్ళముందే ఇద్దరు ఆడవాళ్ళు ఒకేసారి లేచారు. వచ్చినాయన ఏమాత్రం తడబడలేదు. ముందున్నావిడతో వెళ్ళి, ఆ విడత అయిపోయాక మళ్ళీ వెతుక్కుంటూ చూసి రెండో ఆవిడకి తల ఊపాడు.

ఇష్టం లేకపోతే? మంచినీళ్ళ గ్లాసు వైపు చూస్తాను. విసనకర్ర తీస్తాను. పక్కావిడ చెవిదుద్దులు మెచ్చుకుంటాను. అవతలి మనిషి చూపు ముందుకు వెళ్ళిపోతుంది. ఇక్కడ నాకు బాగా నచ్చేది ఏంటంటే, నేను కాదన్నానన్న సంగతి ఆ మనిషికే ఖచ్చితంగా తెలియదు. చూడలేదేమో అనుకోవచ్చు. పక్కవాళ్ళకి అసలే తెలియదు. హాలు దాటుకుని వచ్చి, అందరి ముందూ చెయ్యి చాచి, "వద్దండీ" అనిపించుకుని, మళ్ళీ అంత దూరం ఖాళీ చేతుల్తో నడిచి వెళ్ళే బాధ అతనికి లేదు. కాలు నొప్పి, తలనొప్పి అని అబద్ధాలు వెతుక్కునే అవస్థ నాకు లేదు. ఎదుటివాళ్ళు నొచ్చుకుంటారేమోనని ఇష్టం లేని పనికి కూడా తల ఊపేసే జాతి మాది. నాలాంటి మొహమాటస్తురాలి కోసమే ఎవరో కూర్చుని కనిపెట్టినట్టుంది ఈ పద్ధతి.

ఇంకోటి కూడా ఉంది. పైకి మగవాడు అడిగినట్టు, ఆడది ఒప్పుకున్నట్టు కనిపిస్తుంది. కానీ నేను అటు చూడకపోతే అతనికి అడిగే అవకాశమే లేదు. కాబట్టి ముందు అడిగింది ఎవరో చెప్పడం కష్టం.

1940ల్లో, టాంగో మంచి ఊపులో ఉన్న రోజుల్లో, ఆడపిల్లలు డాన్సులకి తల్లినో పిన్నినో వెంటబెట్టుకుని వచ్చేవాళ్ళట. పక్కన పెద్దావిడ కూర్చుని ఉండగా కుర్రాడు టేబుల్ దాకా వచ్చే ధైర్యం చేయడు కదా, అందుకే ఈ కంటి సైగలు పుట్టాయని పాతవాళ్ళు చెప్తుంటారు. ఈ ముక్క చెప్పగానే మా పిన్ని కాస్త మెత్తబడింది. "పెద్దవాళ్ళు పక్కనే ఉండేవాళ్ళన్నమాట" అంది తృప్తిగా.

విదేశాల్లో నేర్చుకుని ఇక్కడికి వచ్చేవాళ్ళలో కొందరికి ఇదంతా పాతకాలపు చాదస్తంలా అనిపిస్తుంది. నేరుగా వచ్చి, "డాన్స్ చేద్దామా?" అని చెయ్యి చాస్తారు. నోటితో అడగడం నిజాయితీ అని వాళ్ళ వాదన. నేను ఒప్పుకోను. మీద మీదకి వచ్చి నవ్వుతూ నిలబడ్డ మనిషికి కాదని చెప్పడానికి ఎంత ఓపిక కావాలో ఏ ఆడదాన్నయినా అడగండి. హైదరాబాద్, బెంగళూరుల్లో కూడా టాంగో నేర్చుకునే చిన్న బృందాలున్నాయి. సెలవుల్లో వచ్చినప్పుడు హైదరాబాద్‌లో ఒక ప్రాక్టీసుకి వెళ్ళాను. అందరూ ఒకే వాట్సాప్ గ్రూపులో ఉన్నవాళ్ళు, హాలు మన డ్రాయింగ్ రూమంత. అక్కడ నోటితోనే అడుగుతారు, ఫర్వాలేదు కూడా. రోజూ చూసుకునే మొహాల మధ్య అది వేరు. కానీ అక్కడి కుర్రాళ్ళకి కూడా చెప్పి వచ్చాను, కంటితో అడగడం ఇప్పట్నుంచే అలవాటు చేసుకోండి అని.

ఇక ఒప్పుకున్నాక ఎంతసేపు? ఒక తాందా. అంటే ఒకే ఆర్కెస్ట్రా వాయించిన, ఒకే రకం పాటలు వరసగా నాలుగు. వాల్స్ (మూడు దెబ్బల తాళం) గానీ మిలోంగా గానీ అయితే చాలావరకు మూడే ఉంటాయి. మిలోంగా అన్నది డాన్స్ జరిగే చోటికీ, చురుగ్గా ఉండే ఒక తాళానికీ కూడా పేరే, కంగారు పడకండి. తాందాకీ తాందాకీ మధ్య ఓ అరనిమిషం, నిమిషం టాంగో కాని పాట ఏదో వేస్తారు. దాన్ని కొర్తీనా అంటారు. అది మొదలవగానే ఫ్లోర్ మొత్తం ఖాళీ చేయాలి. అప్పుడే అందరికీ అందరూ కనపడతారు, కొత్త చూపులకి దారి దొరుకుతుంది. మగవాళ్ళు జతను కుర్చీ దాకా దిగబెట్టి వెళ్తారు. ఒకే మనిషితో వెంటవెంటనే రెండో తాందా, మూడో తాందా చేస్తే మాత్రం ఇక డాన్స్ ఒక్కటే కాదని హాలంతా అనుకుంటుంది. అనుకోనీ అనే ధైర్యం ఉంటే మీ ఇష్టం.

పాతకాపులు మొదటి పాట వినేదాకా ఎవరి వైపూ చూడరు. ఏ ఆర్కెస్ట్రానో తెలియాలి, దాన్ని బట్టి జత. హువాన్ దారియెన్సో అయితే తాళం టకటకా పరిగెడుతుంది, 1935 తర్వాత జనాన్ని మళ్ళీ ఫ్లోర్ మీదికి లాగింది ఆయనేనంటారు. దానికి కాళ్ళు చురుగ్గా ఉన్నవాళ్ళు కావాలి. కార్లోస్ ది సార్లీ అయితే పొడుగ్గా, హాయిగా నడవాలి. ఓస్వాల్దో పుగ్లియేసే వచ్చిందంటే నేను ఎవరితో పడితే వాళ్ళతో చేయను. ఆ సంగీతంలో అన్ని ఎత్తుపల్లాలుంటాయి, తొందరపడే మనిషి చేతిలో పడితే పాట పాడైపోతుంది. పుగ్లియేసే పియానిస్టు, పైగా కమ్యూనిస్టు. ఆయన్ని జైల్లో పెట్టినప్పుడు ఆర్కెస్ట్రా వాళ్ళు పియానో మీద ఎర్ర కార్నేషన్ పువ్వు పెట్టి, ఆ కుర్చీ ఖాళీగా ఉంచి వాయించేవాళ్ళు. మా తాతయ్య ఉండి ఉంటే ఒక్క పాట వినకుండానే వీరాభిమాని అయిపోయేవాడు. శకునాల పిచ్చి మనకే అనుకోకండి. ది సార్లీ పేరు ఎత్తితే అరిష్టమని ఇక్కడి సంగీతం వాళ్ళలో ఒక నమ్మకం. దానికి విరుగుడు పుగ్లియేసే పేరు తలుచుకోవడం. అంత మంచి సంగీతం ఇచ్చిన ది సార్లీకి ఇదేం ఖర్మో!

పాటకీ పాటకీ మధ్య కబుర్లు కూడా పద్ధతిలో భాగమే. కొత్తవాళ్ళు మ్యూజిక్ మొదలవగానే గబుక్కున పట్టుకుని నడిచేస్తారు. ఇక్కడివాళ్ళు మొదటి పదీ ఇరవై సెకన్లు నిలబడి మాట్లాడుతూనే ఉంటారు. ఫ్లోర్ నిండా జనం మాట్లాడుకుంటూ నిలబడి, ఎవరో చెప్పినట్టు ఒక్కసారిగా మాటలు ఆపి దగ్గరికి జరుగుతారు. డాన్స్‌లో మాత్రం ఒక్క మాట ఉండదు. ఆ కాసేపటి కబుర్లలో నన్ను అడిగేది ఎక్కడి నుంచి అని. ఇండియా అంటే పెద్దవాళ్ళు కొందరు "ఆహా, తాగోరే!" అంటారు. మన రవీంద్రనాథ్ ఠాగూరే. 1924లో ఆయన జబ్బుపడి ఈ ఊళ్ళో ఆగిపోతే, విక్తోరియా ఓకాంపో అనే రచయిత్రి ఊరి శివార్లలో సాన్ ఇసిద్రోలో ఉంచి చూసుకుంది. ఆ ముక్క దగ్గర పాట వచ్చేస్తుంది, మిగతాది తర్వాతి విరామంలో.

ఇక్కడ మనవాళ్ళు ఒకటి గుర్తుపెట్టుకోవాలి. మధ్యలో "గ్రాసియాస్" అనకూడదు. తాందా మధ్యలో థాంక్స్ చెప్తే "ఇక చాలు, నన్ను వదిలేయి" అని అర్థం. డల్లాస్ నుంచి వచ్చిన మా కజిన్ మొదటి పాట అవగానే మర్యాదగా, చిరునవ్వుతో, తల కూడా వంచి గ్రాసియాస్ చెప్పాడు. పాపం ఆవిడ మొహం మాడిపోయింది, బ్యాగు తీసుకుని వెళ్ళి కూర్చుంది. వీడికేమో ఏం జరిగిందో అర్థం కాలేదు. నాలుగు పాటలూ అయ్యాక చెప్పాలి నాయనా. మధ్యలో చెప్పాలంటే నిజంగా కారణం ఉండాలి: అవతలి మనిషి చెయ్యి ఉండకూడని చోటికి జారడం లాంటిది. అప్పుడు మాత్రం నిస్సంకోచంగా ఆ ఒక్క మాట అనేసి వచ్చి కూర్చోవచ్చు. అలాంటివాడి సంగతి ఆడవాళ్ళ వరసలో చివరిదాకా పాకడానికి ఒక్క కొర్తీనా చాలు. ఆ రాత్రికి ఇక అతని చూపుకి దొరికేవి మంచినీళ్ళ గ్లాసులే.

ఫ్లోర్ మీద అందరూ ఒకే దిశలో, గుడి చుట్టూ మనం చేసే ప్రదక్షిణకి సరిగ్గా వ్యతిరేకంగా, ఎడమవైపుకి తిరుగుతూ సాగాలి. దాన్ని రోందా అంటారు. ముందువాళ్ళని దాటకూడదు, వరసలు మారకూడదు, వెనక్కి పెద్ద అడుగు వేయకూడదు. పాట మధ్యలో లోపలికి రావాలంటే వచ్చే జంటలో నడిపిస్తున్న మనిషి (ఎటు అడుగు వేయాలో నిర్ణయించేవాడు) కళ్ళలోకి చూసి, అతను సరేనంటేనే అడుగుపెట్టాలి. ఇక్కడా చూపే. మా హీల్స్ సన్నగా మేకుల్లా ఉంటాయి, జనం కిక్కిరిసినప్పుడు కాలు ఎత్తి విసిరితే ఎవరి పిక్కో చీరుకుపోతుంది. గుద్దుకుంటే తప్పు ఎవరిదని లెక్కలు తీయరు, నడిపించేవాళ్ళిద్దరూ సారీ చెప్పుకుంటారు. ఇక ఫ్లోర్ మధ్యలో ఆగి జతకి "అడుగు అలా కాదు, ఇలా వెయ్యి" అని పాఠం చెప్పే మహానుభావులు ప్రతి ఊళ్ళోనూ ఉంటారు. అది అన్నిటికంటే పెద్ద అమర్యాద. నేను ఓర్చుకోలేనిది అదొక్కటే.

చిన్న చిన్నవి: పిప్పరమెంట్లు తప్పనిసరి. చెమట పట్టే మగవాళ్ళు మార్చుకోవడానికి చొక్కా తెచ్చుకుంటారు. మిలోంగా ఉన్న రోజు నేను ఆవకాయ ముట్టను, ఇంగువ పోపు జోలికి పోను. ఆ ఒక్క త్యాగానికి ఈ ఊరు నాకు రుణపడి ఉంది.

అన్నీ బాగున్నాయని చెప్పను. కూర్చోబెట్టే దగ్గరే రాజకీయం ఉంది. ఎప్పట్నుంచో వచ్చేవాళ్ళకి ముందు వరస, కొత్తవాళ్ళకి మూల. ఒకచోట, పేరెందుకులెండి, నన్ను అస్తమానం టాయిలెట్ తలుపు పక్కనే కూర్చోబెట్టేవాళ్ళు. అక్కడ నుంచి ఎవరి కళ్ళూ కనపడవు, లోపలికి వెళ్ళొచ్చేవాళ్ళ వీపులు తప్ప. చెప్పి చూశాను, నవ్వారు, మానేశాను. ఆడవాళ్ళు ఎక్కువ, మగవాళ్ళు తక్కువ వచ్చే రోజుల్లో యాభై దాటిన, అద్భుతంగా చేసే ఆడవాళ్ళు గంటలకొద్దీ కూర్చునే ఉంటారు. వయసులో ఉన్న పిల్ల నిన్నగాక మొన్న నేర్చుకున్నా ఒక్క తాందా ఖాళీ ఉండదు. కంటి సైగ ఎవరి పరువూ తీయదు నిజమే, కానీ ఎవరూ చూడకపోతే వచ్చే చిన్నతనానికి దాని దగ్గర మందు లేదు. అందుకే ఇప్పుడు చాలామంది ఆడవాళ్ళు నడిపించడం కూడా నేర్చుకుంటున్నారు. లా మార్షల్ లాంటి క్వీర్ (స్వలింగ జంటలు కూడా కలిసే) మిలోంగాల్లో ఎవరు నడిపించాలి, ఎవరు అనుసరించాలి అన్నది ఆడా మగా బట్టి ఉండదు. నేను కూడా ఇప్పుడిప్పుడే నడిపించడం నేర్చుకుంటున్నాను. అటు నిలబడితే తెలుస్తోంది, కళ్ళు మూసుకున్న మనిషిని ఆ జనంలోంచి ఎవరికీ తగలకుండా తీసుకెళ్ళడం ఎంత టెన్షనో.

అన్నిచోట్లా ఒకే పట్టింపు కూడా ఉండదు. బెల్‌గ్రానో పార్కులో లా గ్లోరియెతా అని మండపం ఉంది. ఆరుబయట, జీన్స్‌లో, స్నీకర్స్‌లో వచ్చి చేస్తారు. కూర్చునే వరసలేం లేవు, చుట్టూ నిలబడ్డచోటు నుంచే చూపులు. మొదటిసారి వచ్చేవాళ్ళకి నేను అక్కడికే వెళ్ళమంటాను. విల్యా ఉర్కీసాలో సుందర్‌లాండ్ క్లబ్‌లో అయితే బాస్కెట్‌బాల్ కోర్టు మీదే మిలోంగా. కుటుంబాలు కుటుంబాలుగా వచ్చి భోజనాలు చేస్తూ కూర్చుంటాయి. మొగుడూ పెళ్ళాం ఒకే టేబుల్ దగ్గర కూర్చుంటే ఇక వాళ్ళని వేరేవాళ్ళు పిలవరు. మీరు జంటగా వచ్చి, వేరేవాళ్ళతో కూడా డాన్స్ చేయాలనుకుంటే విడివిడిగా లోపలికొచ్చి విడివిడిగా కూర్చోవాలి. ఇది తెలియక హనీమూన్‌కి వచ్చినవాళ్ళు రాత్రంతా ఒకరి మొహం ఒకరు చూసుకుని వెళ్ళిపోతుంటారు. హనీమూన్ కాబట్టి ఫర్వాలేదనుకోండి.

చివర్లో "లా కుంపర్సీతా" వేస్తారు. అది వినపడిందంటే ఆ రాత్రికి అదే ఆఖరి పాట, దాని కోసం చాలామంది తమ సొంత జతని వెతుక్కుంటారు. 1916 ప్రాంతంలో హెరార్దో మాతోస్ రోద్రీగెస్ అనే కుర్రాడు చదువుకునే రోజుల్లో కట్టిన పాట. అది మోంతెవిదేయోలో, అంటే ఉరుగ్వేలో. 2000 సిడ్నీ ఒలింపిక్స్ ప్రారంభోత్సవంలో అర్జెంటీనా వాళ్ళు ఆ పాటతో నడిచొస్తే ఉరుగ్వే ప్రభుత్వం అధికారికంగా అభ్యంతరం చెప్పింది. 2009లో రెండు దేశాలూ కలిసి టాంగోని యునెస్కో జాబితాలో చేర్పించుకున్నాయి గానీ, ఈ పాట విషయంలో రాజీ కుదిరిందని నాకైతే అనిపించదు. మా ఆఫీసులో ఒక ఉరుగ్వే అమ్మాయి ఉంది. మిలోంగాలో ఆ పాట మొదలవగానే హాల్లో ఎక్కడున్నా నన్ను వెతికి, "మాది" అని పెదాలు కదుపుతుంది. నేను తల ఊపుతాను. ఇక్కడి వాళ్ళెవరూ చూడకుండా.